ఒక బస్తా తగ్గించే ముందు

2025 వానాకాలంలో తెలంగాణ పల్లెల్లో సహకార సంఘాల ముందు మనుషులకన్నా ముందు చెప్పులు వరుసకట్టాయి. పాస్‌పుస్తకాలు, ఆధార్ జిరాక్సులు రాళ్ళ కింద పెట్టి, చీకటితో వచ్చిన రైతులు ఎండెక్కాక చెట్టు నీడకు జరిగారు. ఒకటి రెండు బస్తాల యూరియా కోసం పూటలకు పూటలు పోయాయి. సరిగ్గా ఇలాంటి కరువు రోజుల్లోనే ఎరువుల కొట్టులో పై అర మీద దుమ్ము పట్టి ఉన్న నల్లపొడి పాకెట్ల మీదికి అందరి చూపూ పోతుంది. ‘‘అజోస్పైరిల్లం వేస్తే మొక్కజొన్నకు యూరియా అక్కర్లేదంట కదా?’’ అనే మాట అప్పుడే పుడుతుంది.

అక్కర్లేకపోవడం జరగని పని. కొంత తగ్గించుకోవచ్చు. ఆ ‘కొంత’ ఎంత, ఏ దఫాలో, ఎవరి పొలంలో అన్నది తేల్చుకోకుండా బస్తా ఆపేసిన రైతు కండె వలిచేటప్పుడు ఏడుస్తాడు. తేల్చుకుని ఆపినవాడికి యూరియా లారీ రెండు రోజులు ఆలస్యమైనా నిద్ర పడుతుంది. ఈ వ్యాసం ఆ తేల్చుకోవడం గురించే.

ముందు ఆ నల్లపొడిలో ఉన్నదెవరో చూద్దాం. వేరుశనగ చెట్టునో పెసర మొక్కనో పీకితే వేళ్ళకు బుడిపెలు కనిపిస్తాయి. లోపల రైజోబియం కాపురం. మొక్క దానికి తిండి పెడుతుంది, అది గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చి చేతికిస్తుంది. మొక్కజొన్న వేరుకు ఇలాంటి బుడిపెలు రావు. అందుకని చాలాకాలం గడ్డిజాతి పంటలకు ఈ భాగ్యం లేదనే అనుకున్నారు. 1925లో డచ్చి శాస్త్రవేత్త బైజరింక్ మెలికల బాక్టీరియా ఒకటి చూసి రాసిపెట్టాడు గానీ, దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. 1970లలో బ్రెజిల్‌లో, రియో డి జెనీరో దగ్గర సెరోపెడికాలో పనిచేస్తున్న జొహానా డోబెరైనర్ దాన్ని మళ్ళీ వెలికి తీసింది. ఆమె పుట్టింది 1924లో, అప్పటి చెకోస్లొవేకియాలో. యుద్ధం తర్వాత ఇల్లూ ఊరూ వదిలి బ్రెజిల్ చేరినామె. ఆమె చేసిన ప్రయోగం చూడముచ్చటగా ఉంటుంది. నత్రజని ఏమాత్రం కలపని పలుచని జావలాంటి మాధ్యమంలో వేరు ముక్క వేసి వదిలేస్తే, కొద్ది రోజులకు పైన కాకుండా పై అంచుకు కొన్ని మిల్లీమీటర్ల కింద తెల్లటి పొరొకటి కడుతుంది. గాలి మరీ ఎక్కువైనా పనికిరాదు, అసలు లేకపోయినా పనికిరాదు. తనకు సరిపడ్డ గాలి ఎక్కడ తగులుతుందో అక్కడ ఆగి పని మొదలుపెడుతుందన్నమాట. ఆ స్వభావమే పొలంలోనూ. వేరు చుట్టూ, పై పొరల సందుల్లో, తేమా చివికిన ఎరువూ ఉన్నచోట బతుకుతుంది. నీళ్ళు నిలిచినా, నేల పొడిబారినా మూల కూర్చుంటుంది. 1978లో దీనికి అజోస్పైరిల్లం అని పేరు పెట్టారు.

ఇప్పుడు అసలు కిటుకు. ఇది గాలి నుంచి తీసిన నత్రజనిలో ఎక్కువ భాగం తన ఒంటికే వాడుకుంటుంది. మొక్కకు నేరుగా చేరేది తక్కువ. మరి మొక్కజొన్న ఎందుకు పచ్చబడుతుంది? ఈ బాక్టీరియా ఆక్సిన్ అనే ఎదుగుదల పదార్థాన్ని వదులుతుంది. దానితో వేరు కొమ్మలు వేస్తుంది, వేరు మీది నూగు దట్టమవుతుంది. పెద్ద వేరు మీరు వేసిన యూరియానే ఎక్కువగా అందుకుంటుంది. ప్రపంచమంతటా ధాన్యపు పంటలకు వేసిన నత్రజనిలో మూడోవంతు మాత్రమే గింజలోకి చేరుతోందని 1999లో ఇద్దరు శాస్త్రవేత్తలు వేసిన లెక్క ఇప్పటికీ చెప్పుకుంటారు. మిగతాది ఆవిరవుతుంది, నీటితో దిగిపోతుంది, కొంత నేలలో చిక్కుకుంటుంది. కాబట్టి ఈ బాక్టీరియా యూరియా తయారుచేసే ఫ్యాక్టరీ అనుకుంటే మోసపోతాం. కారిపోతున్న కుండకు మాటు వేసే మనిషి అనుకుంటే లెక్క కుదురుతుంది. మాటు వేశాక కుండలో నీళ్ళు కొంచెం తక్కువ పోసినా సరిపోతాయి. అసలే పోయకపోతే దప్పిక తీరదు.

బ్రెజిల్ రైతులు దీన్ని ఈ పద్ధతిలోనే వాడుకున్నారు. లొండ్రినాలో, ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా వారి సోయా కేంద్రంలో మరియాంజెలా హుంగ్రియా బృందం ఏబీవీ5, ఏబీవీ6 అనే రెండు రకాల అజోస్పైరిల్లాన్ని మొక్కజొన్నకు, గోధుమకు పరీక్షించి బయటపెట్టింది. 2025 వరల్డ్ ఫుడ్ ప్రైజ్ ఆమెకే వచ్చింది. అక్కడి ఏళ్ళ తరబడి ప్రయోగాల నుంచి తేలిన సలహా చాలా నెమ్మదైనది: విత్తనంతో బాక్టీరియా ఇచ్చినప్పుడు పైపాటుగా వేసే నత్రజనిలో పావు వంతు తగ్గించవచ్చు. పావు వంతే, అదీ పైపాటులోనే. దుక్కిలో, విత్తేటప్పుడు వేసేదాన్ని ముట్టుకోవద్దు.

రెండో సాక్ష్యం కూడా చెప్పకపోతే అన్యాయం. అమెరికా మధ్య రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు, అక్కడ మొక్కజొన్నకూ మరి కొన్ని పంటలకూ అమ్ముతున్న ఇలాంటి ఉత్పత్తులను పది రాష్ట్రాల్లో 61 చోట్ల పరీక్షించి చూశాయి. దిగుబడి పెరిగింది రెండు చోట్ల. ఆ ఉత్పత్తులు వేరు, ఆ నల్లరేగడిలో సేంద్రియ పదార్థం పుష్కలం, మన నేలలు వేరు. అయినా 61లో రెండు అనే అంకెను జేబులో పెట్టుకుని కొట్టుకు వెళ్ళండి. అమ్మకందారు ‘‘నలభై శాతం దిగుబడి గ్యారంటీ’’ అన్నప్పుడు అది పనికొస్తుంది.

బస్తాల లెక్క

మన వానాకాలపు హైబ్రిడ్ మొక్కజొన్నకు ఎకరాకు సుమారు 80 కిలోల నత్రజని సిఫారసు. యాసంగిలో, అంటే రబీలో, ఇంకొంచెం ఎక్కువ. మూడు సమాన భాగాలు చేసి విత్తేటప్పుడు ఒకటి, మోకాలెత్తులో అంటే 30-35 రోజులకు ఒకటి, పూత ముందు 50-55 రోజులకు ఒకటి వేస్తాం. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20.7 కిలోలు. డీఏపీ బస్తాలో 9 కిలోలు.

విత్తేటప్పుడు ఒక బస్తా డీఏపీ వేస్తే 9 కిలోలు పోను మొదటి భాగానికి ఇంకో 18 కిలోలు కావాలి, అంటే 39 కిలోల యూరియా. ఇది కదిలించకూడని భాగం. తర్వాతి రెండు దఫాలకు కలిపి 53 కిలోల నత్రజని, అంటే 116 కిలోల యూరియా, రెండున్నర బస్తాల పైమాట. అందులో పావు తగ్గిస్తే 87 కిలోలు. ఇంచుమించు రెండు బస్తాలు. మోకాలెత్తులో ఒక బస్తా, పూత ముందు ఒక బస్తా. తూకం రాయి కూడా అక్కర్లేదు.

మిగిలింది 29 కిలోలు. బస్తా 266 రూపాయల 50 పైసలు కాబట్టి ఎకరాకు 172 రూపాయలు. ‘‘దీనికోసమా ఇంత తతంగం?’’ అని మీరు అడిగితే నాదగ్గర తెలివైన జవాబు లేదు, నిజమైన జవాబు ఉంది. సిఫారసు ప్రకారం కచ్చితంగా వేస్తున్న రైతుకు డబ్బు రూపంలో ఒరిగేది ఇంతే, అందులోంచి పాకెట్ ఖర్చు తీసేయాలి కూడా. ప్రభుత్వం సబ్సిడీ ఇస్తున్నంతకాలం యూరియా చవక. కానీ సిఫారసు ప్రకారం వేసేవాళ్ళెవరు? కృష్ణా డెల్టాలో వరి మాగాణిలో దున్నకుండా వేసే మొక్కజొన్నకు ఆరేడు బస్తాలు పోసేవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు మొదట తగ్గించాల్సింది పాకెట్ అవసరమే లేని మిగులు బస్తాలు. నత్రజని దండిగా ఉన్నచోట ఈ బాక్టీరియా గాలి నత్రజని జోలికే పోదు. పక్కన వండిన అన్నం ఉండగా పొయ్యి ఎవరు రాజేస్తారు? ఆరు బస్తాల పొలంలో అజోస్పైరిల్లం వేయడం వృథా. పైగా ఎక్కువైన నత్రజనితో మొక్క ఏపుగా పెరిగి గాలికి పడిపోవడం, మెత్తటి ఆకు మీద పేనుబంక చేరడం మీరు చూసిందే.

లాభం ఇంకెక్కడుంది? వానాకాలంలో పదిహేను రోజులు బెట్ట తగిలినప్పుడు వేరు విస్తరించిన మొక్క తట్టుకుంటుంది. యూరియా దొరకని వారంలో పంట పాలిపోదు. యూరియాతో పాటు అక్కర్లేని సీసాలు అంటగట్టే చోట ఒక బస్తా తక్కువ అడిగే ధైర్యం వస్తుంది. ఇవి రూపాయల్లో రాయలేని లెక్కలు, కానీ సాగు చేసేవాడికి తెలుస్తాయి.

నల్లపొడిని బతికించడం

మొదటి ఏడు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. మే నెలలో పాకెట్లు కొని మోటారు షెడ్డులో యూరియా బస్తాల పక్కన పెట్టాను. రేకుల షెడ్డు. జూన్ చివర్లో విత్తనంతో వేశాను. చేనులో ఏ తేడా లేదు. బాబాయి వచ్చి గుప్పెడు పొడి అరచేతిలో వేసుకుని, ‘‘ఒరే, బొగ్గుపొడి చల్లావురా. కుంపటిలో వేసుంటే టీ అన్నా కాగేది’’ అన్నాడు. ‘‘ఇందులో కోట్ల బాక్టీరియా ఉంటాయి బాబాయ్’’ అన్నాను. ‘‘ఉండేవి,’’ అన్నాడు. ఆయనదే సరైన మాట. రేకు కింద మే నెలంతా ఉడికిన పాకెట్‌లో మిగిలింది నిజంగానే బొగ్గుపొడి. లిగ్నైటు పొడినో బొగ్గు పొడినో తేమగా చేసి అందులోనే బాక్టీరియాను పెంచుతారు. చచ్చినా బతికినా రంగు ఒకటే, కంటికి తేడా తెలియదు.

కాబట్టి కొట్టులో పాకెట్ తిప్పి చూడండి. 2006 నుంచి జీవన ఎరువులు కూడా 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. పొడి రూపంలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవరూపంలో మిల్లీలీటరుకు కనీసం 10 కోట్ల బతికున్న కణాలుండాలి. బాక్టీరియా పేరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ ఉండాలి. పొడికి సాధారణంగా ఆరు నెలలు, ద్రవానికి ఏడాది గడువు ఇస్తారు. గడువు దగ్గరపడింది వద్దు, ధర తగ్గించినా వద్దు. పాకెట్ నొక్కితే కొంచెం తేమ తగలాలి, పొడిపొడిగా దుమ్ములా ఉంటే వదిలేయండి. పులిసిన కుళ్ళు వాసన వస్తే వేరే జీవులు చేరినట్టు. ‘బయో’ అని పెద్దక్షరాలతో ఉండి ఏ బాక్టీరియానో రాయని సీసా జీవన ఎరువు కాదు, అదేదో వేరే సరుకు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి అమరావతి పరిశోధన స్థానంలోనూ, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ పరిశోధన సంస్థలోనూ జీవన ఎరువులు తయారవుతాయి. నాలుగైదుగురు కలిసి అక్కడి నుంచి ఒకేసారి తెప్పించుకుంటే తాజా సరుకు వస్తుంది. విత్తే వారం పది రోజుల ముందు తెచ్చుకోండి, సంక్రాంతికి కొని జూన్ దాకా దాచొద్దు.

ఇంటికి తెచ్చాక మంచినీళ్ళ కుండ పక్కన నీడలో పెట్టండి. పొలానికి తీసుకెళ్ళేటప్పుడు బండి డిక్కీలో వేయకండి, ఎండలో రెండు గంటలు నిలిపిన డిక్కీ పొయ్యితో సమానం. తడిగుడ్డలో చుట్టి సంచిలో తీసుకెళ్తే చాలు.

ఇక విత్తనం సంగతి. పాత సలహా కాగితాలన్నీ ఒకటే చెబుతాయి: చల్లార్చిన బెల్లం నీళ్ళు విత్తనం మీద చిలకరించి, 200 గ్రాముల పొడి పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తండి. ఎకరాకు ఎనిమిది కిలోల విత్తనానికి అది సరిపోతుంది. సలహా మంచిదే, కానీ అది రాసిన రోజుల్లో విత్తనం పసుపుపచ్చగా వచ్చేది. ఇప్పుడు సంచి విప్పితే గులాబీ రంగో ఆకుపచ్చో. 2018లో కత్తెర పురుగు కర్ణాటక మీదుగా దేశంలోకి దిగాక విత్తనానికి శిలీంధ్రనాశినితో పాటు పురుగుమందు పూత కూడా మామూలైంది. ఆ మందు పూసిన గింజ మీద బతికున్న బాక్టీరియాను అతికించడం అంటే చంటిపిల్లను ముళ్ళకంప మీద పడుకోబెట్టడమే. రంగు విత్తనాన్ని కడిగి బాక్టీరియా పట్టిద్దామని మాత్రం అనుకోకండి, కత్తెర పురుగు ముందు మీకు రక్షణ లేకుండా పోతుంది, ఆ కడిగిన నీళ్ళు విషం. రంగు విత్తనం వాడేవాళ్ళు విత్తనశుద్ధి ఊసే వదిలేసి నేలలో వేసుకోవడం మేలు. సొంతంగా రంగులేని విత్తనం ఉన్నవాళ్ళు ముందు మందులు పట్టించి, బాగా ఆరాక, చివర్లో బాక్టీరియా పట్టించి అదే పూట విత్తేయాలి. విత్తే ఆడకూలీలు పొద్దున్నే వస్తారు కాబట్టి బాక్టీరియా పట్టించే పని రాత్రి చేసి పెట్టుకుందామనిపిస్తుంది. వద్దు. వాళ్ళు రాకముందు ఒక గంట చాలు. చేతికి తొడుగులు ఇవ్వడం మరచిపోకండి. బాక్టీరియా వాళ్ళకేం చేయదు, ముందు పట్టించిన మందుల కోసం.

నేలలో వేయడానికి ఎకరాకు రెండు కిలోల పొడి. దానికి వంద కిలోల బాగా చివికిన పశువుల ఎరువు. నీడలో కుప్పపోసి, పొడి కలిపి, చేతితో పిండితే కారకుండా ముద్దయ్యేంత తేమ చేసి, తడి గోనెసంచులు కప్పి వారం ఉంచండి. మధ్యలో రెండుసార్లు తిరగేయండి. కుప్పలో చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండాలి, చురుక్కుమంటే పేడ ఇంకా పచ్చిగా ఉంది, ఆ వేడికి బాక్టీరియా నిలవదు. విత్తే రోజు ఈ ఎరువును సాళ్ళలో, గింజ పక్కనే పడేటట్టు వేయాలి. చేనంతా వెదజల్లితే వేరు దాకా చేరేది కొంచెమే. వేసిన చోట తేమ ఉండాలి, లేకపోతే వెంటనే తడి ఇవ్వాలి. సాయంత్రం పూట వేస్తే మంచిది.

యూరియాతో, డీఏపీతో, పొటాష్‌తో కలిపి ఒకే బుట్టలోంచి చల్లొద్దు. ఆ ఉప్పుకు కణాలు చితికిపోతాయి. డీఏపీ గింజకు ఒక పక్క, ఈ ఎరువు ఇంకో పక్క వేసుకోవచ్చు. విత్తిన రెండు రోజుల్లో కలుపుమందు అట్రజిన్ కొడతారు. దాన్ని దాని పంపుతోనే కొట్టండి, ఒకే ట్యాంకులో అన్నీ కలిపేసే అలవాటు ఇక్కడ పనికిరాదు.

దున్నకుండా వేసే డెల్టా మొక్కజొన్నకు సాళ్ళుండవు, వరి దుబ్బుల మధ్య గుంటలు చేసి గింజ వేస్తారు. అక్కడ ఊరబెట్టిన ఎరువును గుంటలో చిటికెడు వేసి గింజ వేయమంటే కూలీలు మొహం చిట్లిస్తారు. గింజ వేసేవాళ్ళ వెనక ఒకరిని అదనంగా పెట్టుకుని, గుంట మీద గుప్పెడు కప్పించండి. ఆ ఒక్క కూలీ ఖర్చు మీ లాభం లెక్కలో రాసుకోండి, దాచొద్దు. కోసిన మాగాణిలో మొదటి తడి వదిలినప్పుడు నీళ్ళు నిలవకుండా చూడాలి. నిలిచిన నీళ్ళలో మొక్కజొన్నా ఏడుస్తుంది, అజోస్పైరిల్లమూ ఏడుస్తుంది, వేసిన నత్రజని గాలిలోకి పోతుంది.

డ్రిప్పు ఉన్నవాళ్ళకు పని తేలిక. ద్రవరూపం తీసుకుని, సీసా మీది మోతాదు ప్రకారం, మొలిచిన వారం పది రోజులకు వెంచూరి ద్వారా వదలండి. ముందు ఉత్త నీళ్ళు కొంతసేపు పారనిచ్చి, బాక్టీరియా ద్రవం వదిలి, మళ్ళీ కొంతసేపు నీళ్ళు పారించండి. ట్యాంకులో నిన్నటి ఎరువు తేట ఉంటే కడిగేయాలి. యూరియా ద్రావణం ఆ రోజు కాదు, రెండు మూడు రోజులు ఆగి.

ఇంత చేసినా కొన్ని నేలల్లో ఫలితం రాదు. భూసార పరీక్ష కాగితంలో సేంద్రియ కర్బనం గడి చూడండి. 0.5 శాతంకన్నా తక్కువ ఉంటే ఈ బాక్టీరియాకు తిండి లేదు. అలాంటి చేనులో పాకెట్ కన్నా ముందు రెండు ట్రాక్టర్ల పెంట, లేదా మొక్కజొన్న ముందు ఒక పెసర పంట. నిజానికి గాలి నత్రజనిని నేలలోకి దించే అసలు పనివాళ్ళు పప్పుధాన్యాల బుడిపెల్లోనే ఉన్నారు. కంది మధ్య మొక్కజొన్న వేసే మన పాత పద్ధతి ఏ పాకెట్‌కూ తీసిపోదు. ఇంకో ముచ్చట: మెక్సికోలో వాహాకా కొండల్లో ఒక నాటు మొక్కజొన్న ఉంది. కాండం మీద గాలిలో వేలాడే వేళ్ళ నుంచి చిక్కటి జిగురు కారుతుంది. ఆ జిగురులో బాక్టీరియా కాపురముండి ఆ మొక్కకు కావాల్సిన నత్రజనిలో 29 నుంచి 82 శాతం వరకు గాలి నుంచే ఇస్తుందని 2018లో తేల్చారు. ఆ జిగురు ఫొటో ఫోన్‌లో చూపించి ‘‘మా హైబ్రిడ్ కూడా ఇంతే’’ అనేవాళ్ళు రేపోమాపో మీ ఊరికి వస్తారు. ఆ లక్షణం ఆ నాటు రకానిది. మీ సంచిలో ఉన్నది వేరు.

మూడు పట్టీలు

ఈ మొత్తం వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకునేట్టయితే ఇది గుర్తుంచుకోండి. పోయినేడు ఒక రైతు నాతో అన్నాడు: ‘‘అజోస్పైరిల్లం వేసి ఒక బస్తా ఆపాను సార్, దిగుబడి తగ్గలేదు. భలే పనిచేసింది.’’ పనిచేసిందని ఆయనకెలా తెలుసు? ఆ బస్తా అసలే అనవసరమై ఉండొచ్చు కదా. పాకెట్ వేయకుండా బస్తా ఆపినా అదే దిగుబడి వచ్చేదేమో. ఆ ప్రశ్నకు జవాబు ఆయన చేనులో లేదు, ఎందుకంటే ఆ మూడో పట్టీ ఆయన వేయలేదు.

చేనులో ఒకే రకం నేల ఉన్నచోట, గట్టుకూ చెట్టు నీడకూ కాలువకూ దూరంగా, పక్కపక్కన మూడు పట్టీలు తీసుకోండి. ఒక్కోటి ఆరు సాళ్ళు. మొదటిదానికి మీ మామూలు యూరియా, బాక్టీరియా లేకుండా. రెండోదానికి తగ్గించిన యూరియా, బాక్టీరియాతో. మూడోదానికి తగ్గించిన యూరియా, బాక్టీరియా లేకుండా. ఈ మూడోది వేయడానికే ఎవరికీ మనసొప్పదు, నష్టం చేతులారా చేసుకుంటున్నట్టుంటుంది. ఆరు సాళ్ళే కదా. పట్టీల చివర కర్రలు పాతి రంగు గుడ్డలు కట్టండి, లేకపోతే పైపాటు వేసే రోజు కూలీలు వరసగా అన్నిటికీ ఒకేలా చల్లేస్తారు. నా చేనులో ఒకసారి అదే జరిగింది, ఏడాది పాఠం పోయింది.

నలభై రోజులు దాటాక రోజూ చూడక్కర్లేదు, వారానికోసారి నడవండి. కింది ఆకు కొస నుంచి నడిమి ఈనె వెంట ‘వి’ ఆకారంలో పసుపు పారుతుంటే అది నత్రజని ఆకలి. పైన లేత ఆకుల్లో ఈనెకు రెండు పక్కల తెల్లటి చారలు వస్తే అది జింకు లోపం, యూరియా ఎంత పోసినా పోదు. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకుని యూరియా తగ్గించినందుకే ఇలా అయిందని భయపడేవాళ్ళు ఎక్కువ. పూతకు ముందు పాకెట్ వేసిన చేనులో కూడా ‘వి’ పసుపు పైకెక్కుతుంటే పంతం పట్టొద్దు. తగ్గించిన ఆ 29 కిలోలు తేమ చూసి వేసేయండి. పూత దాటితే వేసినా లాభం తక్కువ. అందుకే ఆ బస్తా ముందే తెచ్చి ఇంట్లో పెట్టుకోవడం మొదటి ఏడు తెలివైన పని. వాడకపోతే తర్వాతి పంటకు పనికొస్తుంది.

కోతప్పుడు ప్రతి పట్టీలో అంచు సాళ్ళు వదిలి, నడిమి రెండు సాళ్ళలో పది మీటర్ల పొడవు కొలిచి కండెలు విరవండి. సాళ్ళ మధ్య 60 సెంటీమీటర్లయితే అది 12 చదరపు మీటర్లు. మూడు కుప్పలూ విడివిడిగా ఒకే కల్లంలో ఒకేలా ఎండబెట్టి, ఒకే కాటా మీద తూచండి. వచ్చిన బరువును 337తో హెచ్చిస్తే ఎకరా కండెల లెక్క. నూటికి అయిదు తేడా పొలంలో ఎటూ ఉంటుంది, దాన్ని పట్టుకుని ఊరేగొద్దు.

మూడూ దాదాపు సమానంగా తూగితే, మీరు ఇన్నాళ్ళూ ఒక బస్తా ఊరికే పోశారు, పాకెట్ కూడా అక్కర్లేదు. మొదటిదీ రెండోదీ సమానమై మూడోది తగ్గితే, బాక్టీరియా తన పని చేసింది, వచ్చే ఏడు చేనంతటికీ వేసుకోండి. రెండోది కూడా మూడోదాని పక్కనే కూలబడితే, పాకెట్ చచ్చిందో నేల పస్తులుందో వెతకాలి. నా రేకుల షెడ్డు ఏడాదిలో నేను మూడో పట్టీ వేసి ఉంటే బాబాయి మాట తూకంతో తేలిపోయేది.

కౌలుకు చేసేవాళ్ళకు ఒక మాట. చేను వచ్చే ఏడు మీదో కాదో తెలియనప్పుడు రెండు ట్రాక్టర్ల పెంట తోలమని నేను చెప్పలేను. మీకు మిగులు బస్తా తగ్గించడం, దఫాలు సరిగ్గా వేయడం ఈ ఏడే చేతికొచ్చే లాభం. పాకెట్ వేయాలనుకుంటే ఆ మూడు పట్టీలు మాత్రం వేయండి, లెక్క కాగితం మీతోనే ఉంటుంది, చేను మారినా.

మా ఇంట్లో ఆ లెక్క గాదె తలుపు వెనక సుద్దతో రాసి ఉంటుంది. మూడు అంకెలు, పక్కన సంవత్సరం. ఈమధ్య బాబాయి వచ్చి కళ్ళజోడు సర్దుకుని చదివి, ‘‘నడిమిది ఏం వేసినట్టురా?’’ అని అడిగాడు. చెప్పాను. ‘‘పాకెట్లు తెప్పించేటప్పుడు నాకూ రెండు తెప్పించు. షెడ్డులో పెట్టకు,’’ అన్నాడు.